నెమలి ముంగిలి, అలుగు పిలుపు

కొండగోగుల అడవిలో నెమళ్ళు, కుందేళ్ళు, ముళ్ళపందులు, కొండముచ్చులు చాలానే ఉండేవి. అలుగు మాత్రం ఒక్కటే ఉండేది. అలుగంటే తెలుసు కదా? ఒళ్ళంతా పెంకుల్లాంటి పొలుసులు, చూపు బాగా తక్కువ. భయం వేస్తే బంతిలా చుట్టుకుపోతుంది.

ఏరు దాటి రెండు రోజులు నడిస్తే నల్లరాతి కొండ వస్తుంది. అక్కడ ఇంకో అలుగు ఉండేది. అదీ ఒంటరిదే. వయసులో పెద్దది కాబట్టి మన అలుగు దాన్ని అక్కా అని పిలిచేది.

అడవి మధ్య పాత బంగళాలో ఒక పాత కంప్యూటర్ ఉండేది. ప్రతి సోమవారం సందెవేళ అక్క అందులోంచి పిలిచేది. గంట ఏడుసార్లు మోగేది. పలకడానికి అలుగు తెర కింది ఎడమ మూల నుంచి పైకి లెక్కపెట్టుకుని, మూడో బొమ్మ నొక్కేది.

ఆ తర్వాత పెద్దగా మాటలుండేవి కావు. చీమలు దొరికాయా, వాన పడిందా, అంతే. ఆ నాలుగు మాటలతోనే అలుగు వారమంతా గడిపేది.

ఒక సోమవారం అక్క ఇలా అంది. "ఇక్కడ పుట్టలు ఎండిపోయాయిరా. నీ మాట కోసమే ఈ కొండ మీద ఉన్నాను. వరసగా మూడు వారాలు నువ్వు పలకలేదంటే, నువ్వూ పోయావనుకుంటాను. కాళ్ళు ఎటు తీసుకుపోతే అటు పోతాను."

ఆ కంప్యూటర్ బాగోగులు చూసేది నెమలి. దాన్ని నడిపేది లినక్స్ అనే సాఫ్ట్‌వేర్. లినక్స్‌లో ఒక సుగుణం ఉంది. ఇల్లు అలాగే ఉంచి ముంగిలి మార్చుకోవచ్చు. తెర మీద మనకు కనబడే ఆ ముంగిలినే డెస్క్‌టాప్ అంటారు.

నెమలికి పాత ముంగిలి మొహం మొత్తింది. కొత్తది పెట్టింది. అందులో బొమ్మలన్నీ దాక్కుని ఉంటాయి. మౌస్‌ను పై మూలకు తీసుకెళ్తేనే బయటికొస్తాయి. తెర మీద తెరుచుకునే కిటికీలు గిరగిరా తిరుగుతూ వచ్చి వాలతాయి. కొండముచ్చులు చప్పట్లు కొట్టాయి.

"నెమలి బావా, మన అడవిలో కొత్త బాట వేస్తే ముందు ఎవరిని నడిపిస్తాం?" అని అడిగింది ముళ్ళపంది. "అందరికంటే నెమ్మదైనవాణ్ణి కదా! అలుగు మామ చేత ఒకసారి నొక్కించి చూశావా?"

"చూపులేనివాడి కోసం ముగ్గు మానుకుంటామా వదినా?" అంది నెమలి. కొండముచ్చులు ఇకిలించాయి.

సోమవారం గంట మోగింది. కిటికీ డేగలా రివ్వున తెర మీదికి దూకింది. అలుగు బంతిలా చుట్టుకుపోయింది. మెల్లగా ముక్కు బయటపెట్టేసరికి గంట ఏడుసార్లూ మోగి ఆగిపోయింది.

రెండో సోమవారం నేలను గట్టిగా పట్టుకుని కూర్చుంది. చుట్టుకోలేదు. కానీ మూడో బొమ్మ ఉండాల్సిన చోట ఏమీ లేదు. పాత యంత్రం ఆ హంగులు మోయలేక రొప్పుతోంది. గంట ఆగిపోయింది.

"నెమలి బాబూ, తిరిగి పిలిచే బొమ్మ ఎక్కడుందో కాస్త చూపించవూ?"

"అన్నీ ఒకరు చూపిస్తే ఎలా మామా? నేర్చుకోవాలి!" అని నెమలి వెళ్ళిపోయింది.

అలుగు తన బొరియలోకి వెళ్ళి పడుకుంది. ఆ వారం పుట్టల వైపు కూడా వెళ్ళలేదు.

ముళ్ళపంది వెతుక్కుంటూ వెళ్ళి, పక్కన కూర్చుంది. "నీకేం కావాలి మామా?"

"ఉన్నచోటే బొమ్మ ఉండాలమ్మా. ఏదీ మీదికి దూకకూడదు."

ముళ్ళపంది ఆదివారమంతా కూర్చుని ఇంకో ముంగిలి పెట్టింది. సాదాది. అడుగున ఒక పట్టీ. బొమ్మలు పాత చోటే ఉంటాయి, కదలవు. వాటి కింద పెద్ద పెద్ద తెలుగు అక్షరాలు. యంత్రం హాయిగా ఊపిరి పీల్చుకుంది. నెమలి పెట్టినదాన్ని తీసేయలేదు. ఎందుకంటే అదీ చెడ్డది కాదు. కొత్త యంత్రం, చురుకైన కళ్ళు ఉన్నవాళ్ళకు ముచ్చటగానే ఉంటుంది. కంప్యూటర్ తెరిచేటప్పుడు ఎవరికి కావలసింది వాళ్ళు ఎంచుకోవచ్చు.

"ఈ ఎండుటాకును ఎవరు చూస్తారు వదినా?" అని నవ్వింది నెమలి.

మర్నాడు పొద్దున వాన కబురు చూసుకోవడానికి కుందేళ్ళు వచ్చాయి. ఎండుటాకునే ఎంచుకున్నాయి. కొండముచ్చులు కూడా, నెమలి చూడకుండా, అదే ఎంచుకున్నాయి. మధ్యాహ్నం నెమలి తన ముంగిలి తెరిచి, "రండి, చూడండి!" అని కేక వేసింది. ఒక్కరూ రాలేదు. కిటికీలను తనకు తానే తిప్పుకుంది. అవి సగంలో బిగుసుకుపోయాయి. విప్పిన పింఛం అలాగే ఉంచుకుని, ఖాళీ గదిలో నెమలి చాలాసేపు కూర్చుంది. తర్వాత ముళ్ళపంది వచ్చి, యంత్రాన్ని ఆపి, మళ్ళీ సాదా ముంగిలి తెరిచింది.

సందెవేళ అయింది. గంట మోగింది. ఒకటి. రెండు. అలుగు గోరు మూల నుంచి పైకి లెక్కపెట్టుకుంటూ వెళ్ళింది. నొక్కింది.

"ఎవరూ?" అంది అవతలి గొంతు. "కొండ సగం దిగి, మూడో వారం కూడా చూద్దామని వెనక్కి వచ్చాను. ఏమైపోయావురా?"

"ముంగిట్లోనే దారి తప్పానక్కా" అంది అలుగు.

గుమ్మం బయట నెమలి ఆ మాట వింది. లోపలికి రమ్మని తనను ఎవరైనా పిలుస్తారేమోనని చూసింది. ఎవరూ పిలవలేదు.

నీతి: నలుగురూ వాడే వస్తువు మంచిదో కాదో, అందరికంటే బలహీనులు వాడినప్పుడే తెలుస్తుంది.