పిడికెడు బియ్యపు అన్నం

పాస్టరు ఎజ్రాకి ఆ వారమంతా సరిగ్గా నిద్ర లేదు. అతని సంఘంలో దీనమ్మ అనే ముసలావిడ చనిపోయింది. అయితే అతని బాధ ఆవిడ పోయినందుకు కాదు. ఆవిడ కొడుకు ఏసోబు పక్క ఊరి పాస్టర్ని పిలిపించి, ఆయన చేత ప్రార్థన చేయించి, తల్లిని సమాధి చేసేశాడు. ఎజ్రాకి కబురైనా పెట్టలేదు. మర్నాడు కూరగాయల కొట్టు దగ్గర ఎవరో "అదేంటయ్యగారూ, నిన్న మీరు కనపళ్ళేదే?" అని అడిగితేగానీ అతనికి సంగతి తెలియలేదు. నలుగురిలో తల కొట్టేసినట్టయింది.

సంఘ పెద్దలు కూర్చున్నారు. ఏసోబు కుటుంబాన్ని ప్రభువు బల్ల నుంచి ఆపేయాలని తేల్చారు. అంటే, ఆదివారం అందరూ లేచి వెళ్ళి రొట్టె, ద్రాక్షారసం తీసుకుంటుంటే ఆ ఇంటివాళ్ళు మాత్రం తల దించుకుని కూర్చోవాలన్నమాట. విశ్వాసులకి అంతకు మించిన అవమానం లేదు. అలా ఆపేసిన కుటుంబం మళ్ళీ ఆ మందిరం గుమ్మం తొక్కడం ఎవరూ చూడలేదు. అది తెలిసే తేల్చారు.

ఆ మాట ఆదివారం ఎజ్రా నోటి మీదుగా రావాలి. అంతకంటే ముందు హోషేయ అయ్యగారి చేత కూడా సరే అనిపించుకుంటే మనసు కుదుటపడుతుందని, శుక్రవారం మధ్యాహ్నం బండి తీశాడు.

హోషేయ అయ్యగారు ఎజ్రాకి వాక్యం నేర్పిన గురువు. ఇదే సంఘానికి ఇతనికంటే ముందు చాలాకాలం కాపరిగా ఉన్నాడు. ఇప్పుడు భార్య పోయింది, చూపు మసకబారింది. రైలు గేటు అవతల, రేకుల గదిలో ఒక్కడే ఉంటున్నాడు. ఆ రోజు పొద్దుటినుంచీ ముసురు. గదిలో పగలే చీకటిగా ఉంది. ఆయన మంచం మీద దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నాడు.

ఎజ్రా తలైనా తుడుచుకోకుండా జరిగిందీ, పెద్దలు తేల్చిందీ చెప్పడం మొదలుపెట్టాడు.

"మందలో చొరబడ్డాడయ్యగారూ ఆ పక్క ఊరి పాస్టరు! ఒక్కరోజు కాదు, నెలల తరబడి ఏసోబు ఇంటికి వస్తూనే ఉన్నాడట."

"ఎందుకొచ్చేవాడు?"

"ముసలమ్మకి ప్రార్థన చేయడానికట."

"ఏం జబ్బురా ఆవిడకి?"

"ఏదో ఆయాసమన్నారు. వాళ్ళు నాకు చెప్పందే నాకెలా తెలుస్తుందయ్యగారూ?"

పెద్దాయన తల ఊపాడు. అది అవునన్నట్టో కాదన్నట్టో ఎజ్రాకి తెలియలేదు.

"బల్లారాధనకి ముందు వారం ఇళ్ళు తిరుగుతున్నారా?" అని అడిగాడు ఆయన. ఆయన కాలంలో అది రివాజు. ఆ వారం కూటాలుండవు, పాటల సాధన ఉండదు. పాస్టరు, పెద్దలు కలిసి గడప గడపకీ వెళ్ళి కాసేపు కూర్చునేవారు. పిల్లాడి చదువెలా ఉంది, మొగుడు తాగుతున్నాడా మానాడా, మందులు వేసుకుంటున్నావా లేదా, ఇలాంటివే మాటలు.

"మీకు తీరికుండేదయ్యగారూ. నాకెక్కడిది? మందిరం పెద్దది చేశాం. యువజనుల కూటాలు, ఉపవాస ప్రార్థనలు, ఉజ్జీవ సభలు. ఒకటి అయ్యేసరికి ఇంకోటి నెత్తిమీదుంటుంది. అయినా నేను వదిలెయ్యలేదు. వాట్సాప్‌లో గ్రూపు పెట్టాను. 'అందరూ క్షేమమేనా' అని అడుగుతాను. అందరూ ఆమెన్ అని పెడతారు."

"దీనమ్మ కూడా పెట్టేదా?"

ఎజ్రా తడి చొక్కా చేతులు మడుచుకున్నాడు. "అసలు మన సంఘానికి ఏ లోటూ లేదయ్యగారూ. కావాలంటే జకరయ్య గారిని అడగండి. ముందు కుర్చీలో కూర్చునే పెద్దమనిషి ఆయన. ప్రతి ఆదివారం నా చెయ్యి పట్టుకుని, 'సంఘం ఇంత ఆరోగ్యంగా ఎప్పుడూ లేదు పాస్టరు గారూ' అంటాడు."

"అలాగా" అన్నాడు హోషేయ అయ్యగారు. కాసేపటికి, "ఆకలేస్తోందిరా. వండిపెట్టే అమ్మాయి ఇవాళ రాలేదు. వస్తూ గుమ్మంలో ఏదో సంచి పెట్టావు, ఏంటది?" అన్నాడు.

"మన పిడికెడు బియ్యమే అయ్యగారూ. మీకని తెచ్చాను."

పిడికెడు బియ్యమంటే, సంఘంలో ఆడవాళ్ళు అన్నం వండబోయే ముందు, కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. అలా వేసినవి ఆదివారం మందిరానికి తెచ్చి ఒకే బుట్టలో పోస్తారు. పాస్టరు ఇంట్లో వండుకునేది అదే.

"అయితే ఎసరు పెట్టు."

"నేనా?" ఎజ్రా నవ్వాడు. "మా ఆవిడ వింటే మీకు ప్రాణాపాయమని పరిగెత్తుకొస్తుంది."

"రానీ. ఈలోపు ఎసరు మరుగుతుంది."

ఎజ్రా బియ్యం కడిగి పోశాడు. పొయ్యి దగ్గర నిలబడి మళ్ళీ ఏసోబు మాటే ఎత్తుకున్నాడు. క్రమశిక్షణ లేకపోతే సంఘం చెదిరిపోతుందన్నాడు. ఇవాళ వీణ్ణి వదిలేస్తే రేపు ఇంకొకడన్నాడు. పెద్దాయన వింటున్నాడో, రేకుల మీద చినుకుల చప్పుడు వింటున్నాడో.

"ఉడికిందేమో చూడు" అన్నాడు చివరికి.

ఎజ్రా గరిటెతో పైనుంచి ఒక మెతుకు తీసి వేళ్ళ మధ్య నలిపాడు. వెన్నలా మెదిగింది.

"ఉడికిపోయిందయ్యగారూ. మీరూ ఒకసారి చూస్తారా?"

"నువ్వు చూశావుగా. వార్చెయ్."

గంజి వార్చేశాడు. పక్కింటివాళ్ళు పంపిన దోసకాయ పప్పు గిన్నెలో ఉంది. ఇద్దరూ కింద కూర్చున్నారు. ఎజ్రా మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే పంటికింద కటుక్కుమంది. రాయేమో అనుకున్నాడు. రాయి కాదు. కొన్ని మెతుకులు పిండిలా చితికిపోయి ఉన్నాయి, కొన్ని పలుకు మీద ఉన్నాయి, కొన్నయితే నీళ్ళు తగిలినట్టే లేవు.

పెద్దాయన నోట్లో నాలుగు పళ్ళున్నాయేమో. ఆయన దవడ నెమ్మదిగా కదులుతోంది.

ఎజ్రాకి సిగ్గేసింది. "తప్పు నాది కాదయ్యగారూ. ఇది ఒక్క ఇంటి బియ్యమా? ఒకావిడ కొత్త బియ్యం వేస్తుంది, ఒకావిడ ఏడాది నాటివి వేస్తుంది. ఇంకొకళ్ళవి రేషన్ బియ్యం. అన్నీ ఒకేసారి ఎలా ఉడుకుతాయి?"

"ఎన్ని మెతుకులు పట్టుకుని చూశావు?"

"ఒకటి."

"ఎక్కడిది?"

"పైది."

హోషేయ అయ్యగారు కంచంలోకి వంగి, పప్పు కలుపుకోసాగాడు.

ఎజ్రా చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. ఆ అన్నాన్ని చూస్తూ ఉండిపోయాడు. చెవుల్లో జకరయ్య గారి గొంతు వినపడింది. ఆయన పక్కన ఆదివారం తెల్ల చీరల్లో పాడే పిల్లలు కళ్ళ ముందుకొచ్చారు. ఆ వెనక వరసల్లో ఎవరు కూర్చుంటారో గుర్తు చేసుకుందామని చూశాడు. స్తంభాల అవతల, తలుపు దగ్గర, చాప చివర. ముసుగులు గుర్తొచ్చాయి. మొహాలు రాలేదు. దీనమ్మ మొహం కోసం చాలాసేపు వెతికాడు.

అది భరించలేక గబుక్కున పెద్దాయన కంచం మీద చెయ్యి వేశాడు. "మీరిది తినకండయ్యగారూ. కడుపులో నొప్పొస్తుంది. పారేస్తాను. గేటు దగ్గర హోటల్లో వేడిగా ఏదైనా పట్టుకొస్తాను."

హోషేయ అయ్యగారు ఆ కంచాన్ని మెల్లగా తన వైపు లాక్కున్నాడు.

"ఎవరింటి మెతుకు పారేద్దామంటావు, ఎజ్రా?"

ఎజ్రా జేబులో ఫోను మోగింది. జకరయ్య గారు. ఆదివారం మాట ఖాయమేనా అని అడగడానికే. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ మోగింది. అతను తీయలేదు. కంచం ముందుకి లాక్కుని, పలుకు మెతుకుల్ని ఒక్కొక్కటే నములుతూ తినడం మొదలుపెట్టాడు. ఇద్దరికీ చాలాసేపు పట్టింది. పెద్దాయన చేతికి నీళ్ళిచ్చి, కంచాలు కడిగి బోర్లించి, ఎజ్రా గుమ్మం దగ్గర నిలబడ్డాడు. వాన తగ్గలేదు. బండి తాళం చేతిలోనే ఉంది.

వెనక్కి తిరిగి అడిగాడు.

"అయ్యగారూ, దీనమ్మ వాళ్ళ ఇల్లు ఏ వీధిలో?"

హోషేయ అయ్యగారు అతని మొహంలోకి చూడలేదు. దుప్పటి భుజాల మీదికి లాక్కున్నాడు.

"మన మందిరం వెనక గోడని ఆనుకునే ఉంటుంది నాయనా."