బొగ్గుతో రాసిన గుడ్డు

ఊళ్ళో తత్వాలు చెప్పే వీరాంబ, ప్రశ్న అడిగినవాళ్ళకు జవాబు చెప్పేది కాదు, పని చెప్పేది. ఆ సంగతి తెలిసి కూడా శిష్యుడు ఓబులేసు ఒక పొద్దున ఆమె గడప ముందు నిలబడి అడిగాడు.

"అవ్వా, మా నాయన కోపం నా బిడ్డకు వస్తాదా?"

ఆ నాయన కోపం ఎలాంటిదో ఊరంతటికీ తెలుసు. అన్నం చల్లారిందని ఆయన విసిరిన రోకలి దెబ్బకు ఓబులేసు తల్లి కుడిచెయ్యి మళ్ళీ భుజం దాటి లేవలేదు. ఇప్పుడు ఓబులేసు పెళ్ళాం సుంకులు ఎనిమిదో నెల కడుపుతో పుట్టింట్లో ఉంది. రెండు నెలలుగా అతను అటు పోలేదు. ఆ కడుపు చూస్తే చాలు, అతనికి తండ్రి మొహం కనిపించేది.

వీరాంబ లేచి ఒక గంప ఎత్తి చూపించింది. తవుడు మీద ఏడు గుడ్లు, వాటి మీద అప్పుడే పొదగడానికి కూర్చున్న నల్లపెట్ట. ఉరుముకు గుడ్లు మురిగిపోకుండా పక్కన ఒక ఇనుప మేకు.

"పెట్ట మెతకది. పుంజు ఎర్రడేగ, పందెం జాతిది. ఆ పుంజు నాయన ఇంకో పుంజు కన్ను పొడిచినోడు. ఏ గుడ్డులో ఏ రంగు ఉండాదో, ఏది తాత పోలికో చెప్పు నాయనా. నీ సంగతి ఆ తర్వాత చూద్దాం."

ఓబులేసుకు ఇక కాలు నిలవలేదు. బండలు కొట్టే పని పక్కన పెట్టి, ఆ పెట్ట తల్లెవరు, పుంజు ఏ ఇంట్లో పుట్టిందని ఊరంతా తిరిగాడు.

"ఏం మామా, కోడికి సంబంధం చూస్తాండావా? గోత్రం కూడా అడుగు" అని పుంజులు పెంచే మస్తాను నవ్వాడు.

విన్నవన్నీ కూడేసుకుని గుడ్ల మీద బొగ్గుతో రాశాడు: నలుపు, ఎరుపు, రెండూ కలిసిన మైల. నడుమనున్న పెద్దదాని మీద 'తాత' అని రాశాడు. మరునాటికే నమ్మకం పోయింది. పెట్టను లేపాడు, గుడ్లు ఎండకు పట్టి చూశాడు, చెవి దగ్గర ఊపాడు, చెరిపి మళ్ళీ రాశాడు. 'తాత'ను మాత్రం చెరపలేదు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం రెండుసార్లు, రోజూ ఇదే. పెట్ట మొదట అరిచింది, తర్వాత పొడిచింది. పదహారో నాడు లేచిపోయి గోడెక్కింది. పట్టుకొచ్చి గంప మూసినా గుడ్ల జోలికి పోకుండా ఓ పక్కకు ఒదిగి నిలబడింది.

"అవ్వా, కూర్చోదే!"

"నన్నడుగుతావేమి? లేపింది నువ్వు గదా" అని వీరాంబ చాట అందుకుని బియ్యంలో రాళ్ళు ఏరుకుంది.

సాయంత్రం తడిమి చూస్తే ఆరు గుడ్లు చల్లబడిపోయాయి. నడుమదొక్కటే ఇంకా కాస్త వెచ్చగా తగిలింది. దాని మీది మాట చదవగానే అతని చెయ్యి ఆగింది. తీయకపోతే తెల్లారేసరికి అదీ అయిపోతుంది. ఎందుకు తీయలేదని అడిగేవాళ్ళూ లేరు. ఎంతసేపు అలా వంగి నిలబడ్డాడో ఏమో, చివరికి దాన్ని తువ్వాలలో చుట్టి చొక్కా లోపల కడుపుకు కట్టుకున్నాడు.

ఐదు రోజులు సుత్తి ముట్టలేదు. కూర్చునే కునికాడు గానీ నడుం వాల్చలేదు.

"ఎన్నో నెల మామా?" అని మస్తాను ఎగతాళి చేస్తే, "మెల్లిగా మాట్లాడప్పా, కదులుతాంది" అన్నాడు. చెమటకు బొగ్గు రాత కరిగి చొక్కాకు అంటుకుంది. అతను అదీ గమనించలేదు.

ఇరవై ఒకటో నాడు తువ్వాల గుండెకు అదుముకుని పరుగున వచ్చాడు.

"పుట్టింది అవ్వా!"

"ఏ రంగు?"

ఓబులేసు తువ్వాల వంక చూసుకున్నాడు.

"తడిగా ఉండాది అవ్వా... వణుకుతా ఉంటే కప్పేసినా. రంగు చూళ్ళేదు."

వీరాంబ కూడా తువ్వాల విప్పి చూడలేదు. ఒడి పట్టి, "ఇట్లియ్యి నాయనా" అంది. "సుంకులు వాళ్ళ ఊరి బస్సు పోయిందేమో చూడుపో."