నేతవీధిలో పడుగు

తత్వాలు నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు ఏం అడిగినా, మార్కండయ్యగారు మగ్గం ఆపకుండానే వినేవారు. ఆ రోజు భీమలింగం అడిగినదానికి మాత్రం ఆపారు.

"గురువుగారూ, నేతవీధి పరిరక్షణ సంఘం పెట్టి రెండేళ్ళయింది. అర్జీలిచ్చాం, బోర్డు కట్టాం. అయినా రత్తయ్యసెట్టి కొత్త కొట్టు మెట్లు వీధిలోకి జరుపుతున్నాడు. రేపే పునాది. ఆయన్ని చూసి అందరూ జరుపుతారు, తాతలనాటి వీధి సందైపోతుంది. ఎలా ఆపమంటారు?"

"పొద్దున్నే సంఘాన్నంతా తీసుకురా. బోర్డు అక్కర్లేదు."

మర్నాడు తెల్లవారుతూనే ఆయన తన పడుగు బయటికి తెచ్చారు. నిలువు పోగులన్నీ వీధి పొడవునా సాగదీసి, గంజి పట్టించి, ఆరేదాకా కుంచెతో దువ్వాలి. ఇంట్లో పట్టే పని కాదు గనకనే పూర్వులు వీధిని అంత వెడల్పుగా వదిలారు. సంఘంలోని పదకొండు మందీ తలో చెయ్యీ వేశారు. పునాదికి ముగ్గు పోసిన చోటి మీదుగానే పడుగు సాగింది.

మేస్త్రీ గడ్డపార పట్టుకుని నిలబడిపోయాడు. సెట్టి వచ్చి, "కాస్త పక్కకి జరపండి మార్కండయ్యగారూ, ముహూర్తం దాటిపోతోంది" అన్నాడు.

"తడి పడుగు కదిపితే పోగులు అంటుకుపోతాయి సెట్టిగారూ. మీ మెట్లింకా పుట్టలేదు కదా, వాటినే జరపండి."

ముహూర్తం దాటిపోయింది. "పన్నెండో రోజున ఇంకోటుంది, అప్పుడు చూస్తా" అని సెట్టి విసురుగా వెళ్ళిపోయాడు.

సంఘం ఆనందానికి పట్టపగ్గాల్లేవు. రెండేళ్ళలో వాళ్ళు గెలిచింది అదొక్కటే మరి. మార్కండయ్యగారు ఆరిన పడుగు చుట్టుకుంటూ, "ఇది నేసేసరికి నాకు నెల పడుతుంది. పన్నెండో నాటికి ఎవరి పడుగు?" అని అడిగారు.

ఆ పదకొండు ఇళ్ళలో మగ్గం ఆడుతున్న ఇల్లు ఒక్కటీ లేదు. నేతవీధిని కాపాడడానికి నడుం కట్టినవాళ్ళు తాము నేత మానేసి ఏళ్ళయిందన్న సంగతే మరిచిపోయారు! నవ్వొస్తుంది గాని, అక్కడుంటే మనమూ నవ్వలేం.

భీమలింగం సిగ్గుతో తల వంచుకున్నాడు. మళ్ళీ ఎత్తి అన్నాడు:

"మా నాన్న మగ్గం అటక మీదుంది గురువుగారూ. పన్నెండో నాటికి నా పడుగు వీధిలో ఉంటుంది."

మార్కండయ్యగారు పడుగు చుట్ట భుజానికెత్తుకుని అన్నారు:

"నిచ్చెన మా దొడ్లో ఉంది, పట్టుకెళ్ళు."