రత్తమ్మ ముక్కున రేగుపండు

ఇలా దగ్గరికి జరగండి పిల్లలూ. స్వామికోన అడవిలో చిలకలు, ఉడుతలు, వాగు ఒడ్డున పేరమ్మ అనే ముసలి తాబేలు ఉండేవి. ఆ చిలకల్లో రత్తమ్మ ఒకతె. దేవుడు అందరికీ నోరిచ్చాడు. రత్తమ్మకి మాత్రం ఇరుగుపొరుగు వాటా కూడా కలిపి ఇచ్చాడు.

ఆమె కూతురు చుక్కకి ఈకలొచ్చాయి, ఎగరడం వచ్చింది. మాట మాత్రం రాలేదు.

ఏటా మంచుకాలంలో చిలకల గుంపు కోన దాటి వెళ్తుంది. పొగమంచులో ఒకరికొకరు కనబడరు. గుంపుకి పెద్దయిన తాత చిలక పేరుపెట్టి పిలిస్తే ఎవరికి వారే "ఉన్నా" అనాలి. పలకని పిల్ల దారి తప్పుతుంది. అందుకని అలాంటి పిల్లని వెంట తీసుకెళ్లరు.

తాత ముందుగా ఒకసారి పిలిచి చూశాడు. "చుక్కా."

"ఉంది తాతా, ఉంది, ఇదిగో ఇక్కడే ఉంది," అంది రత్తమ్మ.

"నిన్నెవరడిగారే? పది రోజుల్లో బయల్దేరతాం. అప్పటికీ అది పలక్కపోతే తల్లీపిల్లా ఇక్కడే ఉండండి."

రత్తమ్మకి ఒళ్లు మండింది. "ఉన్నా అను. అనవే. పోనీ అమ్మ అను. అదీ అనవా?" అని పొద్దుగూకేదాకా పిల్లని సతాయించింది. చుక్క ఒక రేగుపండు వైపు చూసి నోరు తెరవబోయింది. "ఆకలా? తిను," అని తల్లి పండు కుక్కేసింది. పిల్ల మింగి ఊరుకుంది.

మర్నాడు విసిగి వేసారి పేరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. "అవ్వా, దీనికి నాలుక ఉందో లేదో చూడు. చెప్పిచెప్పి నా గొంతు పోయింది."

పేరమ్మ తల బయటపెట్టడానికే బోలెడంత సేపు పట్టింది. అదో విసుగు రత్తమ్మకి.

"ముందు ఈ రేగుపండు ముక్కున పట్టుకో. మింగకు, వదలకు," అంది పేరమ్మ. తర్వాత పిల్ల ముందు రెండు పళ్లు పెట్టింది. "చుక్కా, నీకు దోరది కావాలా, పండింది కావాలా?"

అడిగి ఊరుకుంది. చీమల బారు ఒకటి దాటిపోయింది. 'పండింది కావాలని నేను చెప్పేదాన్నిగా, ముసలమ్మా' అని రత్తమ్మ లోపల కుతకుతలాడింది. ముక్కున పండాయె.

చుక్క అమ్మని చూసింది. పళ్లని చూసింది. "దో..." అంది.

"దోరదా? దోరది తీసుకో," అంది పేరమ్మ.

రత్తమ్మ కొయ్యబారిపోయింది. ఇన్నాళ్లూ ముగ్గిన పళ్లే ఏరి పెట్టింది మరి.

"అది మాట వెతుక్కుంటోందే పిచ్చిదానా. దొరికేలోగా నువ్వు నీ మాట తెచ్చి పడేస్తున్నావు."

ఆ రోజు నుంచి రత్తమ్మ అడిగేది, పండు ముక్కున పట్టుకుని కూర్చునేది.

పదోనాడు తెల్లారింది. కోనంతా పొగమంచు.

"చుక్కా," అని పిలిచాడు తాత.

చిలకలు అసహనంగా రెక్కలు దులుపుకున్నాయి. రత్తమ్మ పండు కరిచిపట్టి వెయ్యి దేవుళ్లకి మొక్కుకుంది.

"ఉ... న్నా."

తాత తలాడించాడు. "రత్తమ్మా."

రత్తమ్మ ముక్కున ఇంకా పండుంది.

"ఉంది తాతా, ఉంది, ఇక్కడే ఉంది," అంది చుక్క.

"నిన్నెవరడిగారే?" అన్నాడు తాత, నవ్వు ఆపుకోలేక.

నీతి: పిల్లల నోట మాట రావాలంటే, అడిగిన పెద్దవాళ్లు ముందు తమ నోరు కట్టుకుని ఆగాలి.