ఎర్రబడిన ట్యూబులు

అడిగినదానికి వెంటనే బదులివ్వడం సాల్మన్ మాస్టారికి అలవాటు లేదు. కాజీపేటలో గిటారు ఆంప్లిఫయర్లు బాగుచేసే ఆయన దగ్గర ప్రభుదాసు తొమ్మిదేళ్లుగా పని నేర్చుకుంటున్నాడు. ఒక ఉదయం ఆపుకోలేక అడిగేశాడు.

"మాస్టారూ, గిటారిస్టు ఎడ్విన్ గారి ఆంప్లిఫయర్ బాగుచేసే పని నస్రీన్‌కిచ్చారు. ఆమె పనిలో చేరి ఎనిమిది నెలలు కూడా కాలేదు. నాలో లేనిది ఆమెలో ఏం చూశారు?"

మాస్టారు చేతిలోని టంకం అతుకు పూర్తిచేసి, "సాయంత్రం ఎడ్విన్ వాయించే హాలుకు రా. ఆంప్లిఫయర్ వెనక కూర్చో," అన్నారు.

సాయంత్రం ప్రభుదాసు దాని వెనకే కూర్చున్నాడు. అది గాజు వాల్వు ట్యూబులతో పనిచేసే పాత ఆంప్లిఫయర్. అందులోని ట్రాన్స్‌ఫార్మర్ కాలితే మళ్లీ దొరకదు. వెనకవైపు నాలుగు, ఎనిమిది, పదహారు అని అంకెలున్న మీట ఉంది. స్పీకరు ఎన్ని ఓములదైతే మీట ఆ అంకె మీదే ఉండాలి. తప్పితే ఆ భారం ట్యూబులు మోయాలి; మోయలేకపోతే లోపలి రేకులు ఎర్రగా కాలి, ట్రాన్స్‌ఫార్మరుకూ ముప్పు. ఎడ్విన్ స్పీకరు నాలుగు ఓములది. నస్రీన్ మీటను నాలుగు మీద పెట్టి, వైరు తేవడానికి బయటికి వెళ్లింది. మాస్టారు ఎడ్విన్‌తో మాట్లాడుతున్నారు. ప్రభుదాసు చెయ్యి దానంతటదే కదిలినట్టు కదిలి, మీటను పదహారుకు తిప్పింది.

నస్రీన్ తిరిగొచ్చాక ఎడ్విన్ వాయించడం మొదలుపెట్టాడు. శబ్దం నీరసంగా, బరువుగా వచ్చింది. నస్రీన్ మొహం చిన్నబోయింది. ప్రభుదాసుకు లోపల చల్లగా అనిపించింది. తొమ్మిదేళ్లలో తనను ఒక్కసారీ మెచ్చుకోని మనిషి ముందు ఆమె తలదించుకోవడం కళ్లారా చూడాలనుకున్నాడు. శబ్దం చాలలేదని ఎడ్విన్ తీగలను ఇంకా గట్టిగా వాయించాడు.

అప్పుడు గాజు లోపల ట్యూబు రేకు మీద చిన్న ఎర్రటి మచ్చ కనిపించింది. చూస్తుండగానే అది పెద్దదైంది. పక్క ట్యూబూ ఎర్రబడింది. వేడెక్కిన వార్నిషు వాసన అతని ముక్కుకు తగిలింది. ఇంకాసేపు ఆగితే చాలు, నస్రీన్ పేరు పోతుంది. అతను ఆగలేకపోయాడు. ఒక్క ఉదుటున లేచి స్విచ్చి ఆపేశాడు.

అందరూ అతనివైపే చూస్తున్నారు.

"మీట నేనే తిప్పాను," అన్నాడు.

ఎడ్విన్ ఏదో అనబోయాడు. నస్రీన్ అప్పటికే మోకాళ్ల మీద కూర్చుని ఆంప్లిఫయర్ వెనకకు తొంగి చూస్తోంది. "ట్యూబులు పోలేదు కదా అన్నా?" అంది. ఎందుకు చేశావని అడగలేదు.

"పోలేదు," అన్నాడు ప్రభుదాసు. ఆమె మొహం వైపు చూడలేకపోయాడు.

మాస్టారు వచ్చి మీటను మెల్లగా నాలుగు మీదికి తిప్పారు. శిష్యుడి భుజం మీద చెయ్యి వేశారు.

"ఆ ఎరుపు నీకు కనిపించింది ప్రభూ," అన్నారు. "చాలామందికి కాలిపోయాకే తెలుస్తుంది."