ఇటుకగోడా అక్క మొహమూ

మొయిద్దీన్ మాస్టారి దగ్గరికి యుగంధర్ రెండు కెమెరాలతో వచ్చాడు. కుడి భుజానికి ఒకటి, ఎడమ భుజానికి ఒకటి. మొహం మాత్రం ఎటూ తేల్చుకోలేనివాడి మొహం.

యుగంధర్ చీరాల డిపోలో కండక్టరు. డ్యూటీ లేని రోజున మనుషుల మొహాలు ఫొటో తీయడం నేర్చుకుంటున్నాడు. అంతదాకా ఫోనుతో తీశాడు, తోటి కండక్టరు దగ్గర అడిగి తెచ్చుకున్న కెమెరాతో తీశాడు. ఇప్పుడు తనకంటూ ఒక అసలైన కెమెరా కొనుక్కోవాలి. వానాకాలం నుంచీ అదే ధ్యాస. ఫోను వీడియోల్లో ఒకడు పెద్దది కొనమంటాడు, ఇంకొకడు చిన్నది చాలంటాడు, ఇద్దరూ నిజమే చెబుతున్నట్టుంటుంది. వడపోసి వడపోసి చివరికి రెండు మిగుల్చుకున్నాడు.

కెమెరాల షాపతను ఆ రెండూ ఆదివారం ఒక్కరోజుకి ఇచ్చి, సాయంత్రానికి ఒకటి తిరిగి తెమ్మన్నాడు. ఆ షాపతని పేరు నేను రాయను. నేను కట్టిన ఫొటో చట్రం వెనక తన షాపు చీటీ అంటించుకున్న మనిషి.

మాస్టారికి ఒకప్పుడు ఫొటో స్టూడియో ఉండేది. ఇప్పుడూ ఉంది, షట్టరు సగమే లేస్తుంది. ఫొటోలు దిగేవాళ్ళు రారు గానీ నేర్చుకునేవాళ్ళు ఒకరిద్దరు వస్తారు. వాళ్ళకి ఆయన పాఠం చెప్పగా నేనెప్పుడూ వినలేదు. మా చట్రాల కొట్టుకీ ఆ స్టూడియోకీ మధ్య ఉన్నది చెక్కగోడ. చెప్పి ఉంటే వినపడేది.

"మాస్టారూ, ఈ రెండింట్లో ఏదండీ?" అన్నాడు యుగంధర్.

మాస్టారు కెమెరాల వంక చూడలేదు. "వీటితో తీసినవి ఉన్నాయా? చూపించు."

యుగంధర్ కెమెరా వెనకున్న తెర చూపించాడు. మొదటిది డిపో వెనకున్న ఇటుకగోడ. రెండోది మళ్ళీ ఆ గోడే.

"ఎవరీయన?"

"గోడండీ. ఇటుకలు వరసగా ఉంటాయి గదా, లెన్సు సంగతి తెలిసిపోతుంది. కెమెరా కొనేవాళ్ళంతా ముందు ఇట్టాగే పరీక్ష చేస్తారండీ. ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒక్క ఇటుకన్నా మసగ్గా ఉందేమో చూడండి."

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని చూశాడు. "బాగా కూర్చున్నాడు. రెప్ప కూడా కొట్టలేదు."

తర్వాతిది గోడకి అంటించిన న్యూసుపేపరు. దాని తర్వాత బస్టాండులో టైముల బోర్డు. ఆ తర్వాత మళ్ళీ ఇటుకలు.

"మనిషి లేడేం?"

"కెమెరా ఏదో తేలాక తీద్దామనండీ."

"ఎవర్ని?"

యుగంధర్ కెమెరా ఆపేసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "మా అక్కని," అన్నాడు.

యుగంధర్ అక్క హైమవతి. వాళ్ళది మగ్గాల ఇల్లు. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు మగ్గం మీది పడుగు నూలుకి పట్టించడానికి కాచిన గంజి మీద ఒలికింది. ఎడమ చెంప మీద నుంచి మెడ దాకా చర్మం ముడుతలు పడి అలాగే ఉండిపోయింది. అప్పటినుంచీ ఆమె ఫొటో దిగలేదు. వాళ్ళింటి గోడ మీద పోయినవాళ్ళూ ఉన్నవాళ్ళూ అందరూ ఉన్నారు, ఆమె లేదు. పెళ్ళిళ్ళలో ఫొటోగ్రాఫరు అందర్నీ రమ్మని కేకేసినప్పుడు హైమవతికి సరిగ్గా అప్పుడే వంటల దగ్గర పని గుర్తొచ్చేది. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆమే. మగ్గం నేసి చదివించింది.

అట్లాంటి మనిషి పోయిన నెల్లో, ఒక మధ్యాహ్నం, మగ్గం గుంటలోనుంచి లేచొచ్చి, "నాదీ ఒకటి తియ్యరాదట్రా," అని తానే అడిగింది.

యుగంధర్‌కి కాళ్ళు నేల మీద ఆగలేదు. పరుగెత్తుకెళ్ళి కండక్టరు స్నేహితుడి కెమెరా తెచ్చాడు. అక్కని కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. ఆమె కొంగు సవరించుకుంటుంటే ధైర్యం చెప్పాడు. "ఏం భయపడకక్కా. ఆ పక్క పడకుండా తీస్తాలే."

హైమవతి కొంగు సవరించుకోవడం ఆపింది. తర్వాత, "పప్పు మాడుతున్నట్టుంది," అని లేచి వెళ్ళిపోయింది.

ఇదంతా మాస్టారికి చెప్పి, యుగంధర్ తల దించుకున్నాడు. "పొయ్యి మీద పప్పు లేదండీ."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అందుకేనండీ నా ఆరాటం. అరువు కెమెరాతో ఆ పని కాదు. ఈ పెద్దదాని లెన్సు ఉంది చూశారూ, దీంతో తీస్తే కన్ను ఒక్కటీ స్పష్టంగా పడి మిగతాదంతా మంచులాగా కరిగిపోతుంది. అసలు మచ్చ ఉందనే తెలీదు. కానీ బరువు, పట్టుకుంటే చెయ్యి వణుకుతుందేమోనని భయం. చిన్నదానికి అంత కరిగించే శక్తి లేదు. మళ్ళీ అడిగితే అక్క కూర్చుంటదో లేదో తెలీదు. కూర్చుంటే మాత్రం ఈసారి చెడగొట్టకూడదు. అందుకని ఏది కొనాలో మీరే చెప్పాలి."

మాస్టారు లేచాడు. "ఆ పెద్దది ఇటివ్వు. నువ్వెళ్ళి కుర్చీలో కూర్చో."

ఆ కుర్చీ సంగతి కొంచెం చెప్పాలి. ఆ స్టూడియోలో ఒక పద్ధతి ఉండేది. ఫొటో దిగే మనిషి లోపలికి రాగానే మాస్టారు అద్దం, దువ్వెన చూపించి, తాను గోడవైపు తిరిగి నిలబడేవాడు. ఆ మనిషి తల దువ్వుకున్నా, చొక్కా సర్దుకున్నా, అద్దంలో తనని తాను చూసుకుని ఏం అనుకున్నా చూసేవాడు కాదు. తొందరపెట్టేవాడు కాదు. కూర్చున్నవాళ్ళు తమంతట తాము "ఊ, కానివ్వండి" అన్నాకే ఇటు తిరిగేవాడు. ఒకావిడ ఎంతసేపు కూర్చున్నా ఆ మాట అనలేకపోయింది. ఆమె చెప్పుల చప్పుడు వీధి చివరికి పోయేదాకా మాస్టారు గోడకే నిలబడి ఉన్నాడు. ఆయనా నేనూ కొంతకాలం మాట్లాడుకోలేదు, కారణం ఇక్కడ అక్కర్లేదు, ఆయన నా చట్రం మూల వంకర అన్నాడు, వంకర కాదు. అయినా ఆ పద్ధతికి మాత్రం నేను వంక పెట్టలేను.

ఆ ఆదివారం మాస్టారు గోడవైపు తిరగలేదు.

యుగంధర్ కుర్చీలో కూర్చున్నాడో లేదో, ఆయన పెద్ద కెమెరా కంటికి పెట్టుకుని దగ్గరికి వచ్చాడు. ఇంకా దగ్గరికి వచ్చాడు. ఆయన మొహం కనపడలేదు. నల్లటి గుండ్రటి అద్దం ఒక్కటే కనపడింది.

యుగంధర్‌కి పైవరస ముందుపన్ను సగం విరిగి ఉంటుంది. ఒకసారి డ్రైవరు బ్రేకు గట్టిగా వేస్తే సీటు కడ్డీకి మూతి కొట్టుకుంది. అప్పటినుంచీ మీసం గుబురుగా పెంచాడు. నవ్వొస్తే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటాడు. డిపోలో ఎవరూ ఆ మాట ఎత్తరు.

"ఏం భయపడకు నాయనా," అన్నాడు మాస్టారు. ఎంతో ఆప్యాయంగానే అన్నాడు. "ఆ పన్ను పడకుండా తీస్తాలే."

యుగంధర్ చెయ్యి తనంతట తానే నోటి మీదికి వెళ్ళింది. చెవులు ఎర్రబడ్డాయి. కాసేపు నేల వంక చూశాడు. కెమెరా చప్పుడు ఎంతకీ వినపడలేదు.

తలెత్తేసరికి కెమెరా బల్ల మీద ఉంది. మాస్టారు గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాడు.

"మాస్టారూ," అన్నాడు యుగంధర్. "ఆరోజు పొయ్యి మీద పప్పు లేదండీ."

"చెప్పావు గదా," అన్నాడు మాస్టారు, గోడవైపు చూస్తూనే.

యుగంధర్ లేచి రెండు కెమెరాలూ భుజాలకి తగిలించుకున్నాడు. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగాడు. సాయంత్రానికి ఒకటి తిరిగి ఇచ్చేయాలి గదా.

"మరి ఏది ఉంచుకోమంటారు?"

"తీసేది నువ్వు. ఎదురుగా కూర్చునేదెవరు?"

"అక్క."

"నన్నడుగుతావేం?"

చెక్కగోడ ఇవతలనుంచి నాకు కనపడనివీ, ఆ తర్వాతి సంగతీ యుగంధర్ నాకు చెప్పినవే.

ఇంటికెళ్ళేసరికి హైమవతి ముందుగదిలో కూర్చుని రాట్నం మీద నూలు కండెలు చుట్టుకుంటోంది. యుగంధర్ రెండు కెమెరాలూ చాప మీద పెట్టాడు.

"ఏందిరా ఇవి? కంటికొకటి తెచ్చావా?"

"ఒకటి తిరిగి ఇచ్చెయ్యాలక్కా. ఏది ఉంచుకోమంటావు?"

"నాకేం తెలుసు? నేను మగ్గం పెట్టించుకున్నప్పుడు నిన్నడిగానా?"

"ఊరికే చెప్పు." పెద్దది తీసి కంటికి పెట్టుకున్నాడు. "ఇదెట్టా ఉంది?"

హైమవతి రాట్నం ఆపింది. "తియ్యి దాన్ని. నీ మొహం కనపడటల్లేదు. ఆరోజూ ఇంతే. ఎవడో పరాయివాడి ముందు కూర్చున్నట్టుంది."

చిన్నది తీసి గుండెల దగ్గర పట్టుకున్నాడు. దాని తెర పైకి తిరుగుతుంది, వంగి చూసుకోవచ్చు.

"ఇది నయం. తల ఎత్తితే కళ్ళన్నా కనపడుతున్నాయి." మళ్ళీ రాట్నం మీద చెయ్యి వేసింది. "కూర్చుంటానని నేనేం అనలేదు."

"అనలేదు."

యుగంధర్ పెద్ద కెమెరాని సంచిలో పెట్టి జిప్పు వేశాడు. చిన్నది పట్టుకుని లేచి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"అదేందిరా? అటు బస్సేమన్నా వస్తందా?"

"నీకు కావాలనిపిస్తే పిలువక్కా. పిలవకపోయినా ఏం లేదు."

ఎదురుగా గోడ మీద ఫొటోలు. నాన్న, అమ్మ, మేనమామ, ఖాకీ బట్టల్లో తాను. వెనక కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత రాట్నం తిరిగింది. ఇక అంతేననుకున్నాడు. అయినా ఇటు తిరగలేదు. అడుగుదామా అనుకున్నాడు, అడగలేదు. కాళ్ళు మార్చి మార్చి నిలబడ్డాడు, బస్సులో నిలబడ్డట్టు.

రాట్నం ఆగింది. దువ్వెన చప్పుడు. కిటికీ గొళ్ళెం తుప్పుపట్టి ఉంటుంది, అది గట్టిగా లాగిన చప్పుడు. పీట జరిగింది. ఇంకొంచెం జరిగింది. మళ్ళీ చాలాసేపు ఏమీ లేదు.

"ఊ. కానివ్వు."

తిరిగాడు. హైమవతి పీట కిటికీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది. ఎడమ చెంప వెలుగువైపు ఉంది. ఆ పక్క జుట్టు చెవి వెనక్కి దోపుకుంది. చెంప నుంచి మెడ దాకా ఒక్కో ముడుతా కనపడుతోంది. తమ్ముడు ఏం చేస్తాడో చూద్దామన్నట్టు సూటిగా వాడి వంకే చూస్తోంది.

యుగంధర్‌కి నవ్వొచ్చింది. అడ్డం పెట్టుకుందామంటే రెండు చేతుల్లో కెమెరా ఉంది.

"ఆ పన్నేందిరా నీకు, గుమ్మంలో ఇటుక ఊడినట్టు," అంది హైమవతి, తానన్న మాటకి తానే నవ్వింది.

అప్పుడు నొక్కాడు.

ఆ ఫొటో చట్రం కట్టమని నా దగ్గరికే తెచ్చాడు. కట్టకముందు మాస్టారికి చూపిస్తానంటే నేనూ వెనకే వెళ్ళాను. మాస్టారు దాన్ని రెండు చేతులతో పట్టుకుని షట్టరు కింద వెలుగులోకి వచ్చి చూశాడు. ఏ కెమెరా ఉంచుకున్నావని అడగలేదు.

"ఈ అమ్మాయి ఎవర్ని చూసి నవ్వుతోంది?" అన్నాడు.

"నన్నేనండీ."

మాస్టారు ఫొటో తిరిగి చేతికిచ్చాడు.

"అయితే మంచి కెమెరానే కొన్నావు."