దాలమ్మ మూడో అడుగు

అనగా అనగా ఒక ఏరు. దాని పేరు సుళ్ళేరు. ఆ ఏటి నడుమ ఒక లంక. దాని పేరు గువ్వలంక. ఆ లంకలో ఎనభై గడపలు, రెండు వందల తాడిచెట్లు, ఒక దాలమ్మ.

గడపలూ తాడిచెట్లూ ఎక్కడైనా ఉంటాయి. దాలమ్మ మాత్రం అక్కడే ఉంది. ఆమె పడవ నడిపేది. తాడు మూడుసార్లు గుంజి చూడనిదే పడవ విప్పేది కాదు. చేప తాజాదంటే మొప్ప ఎత్తి చూసేది. ఈ రోజు వాన రాదంటే చీమల బారు వంక చూసేది. అందుకని ఊళ్ళోవాళ్ళు ఆమెను "అనుమానపు పక్షి" అనేవారు. వెనకాలే లెండి, ముఖం మీద అనే ధైర్యం ఎవరికుంది!

ఆమెకు ఇంకో అలవాటు ఉండేది. ఎవరు మాట్లాడినా మాట చివర వరకూ చెవి ఒగ్గి వినేది. అది ఏరు నేర్పిన విద్య. అవతలి ఒడ్డున ఉన్నవాళ్ళు పడవకోసం కేక వేస్తారు. "రావచ్చూ" అన్నా, "రావద్దూ" అన్నా మొదలు ఒకటే, చివర ఒక్కటే తేడా. ఆ చివర వినకుండా పడవ విప్పినవాడు సుడిలో పడతాడు. అలా పడినవాళ్ళను దాలమ్మ ఇద్దరిని చూసింది.

ఆ దేశాన్ని ఉదయచంద్రుడనే రాజు ఏలేవాడు. మంచివాడే. కాకపోతే మంచి మాట వింటే చాలు, మైనంలా కరిగిపోయేవాడు. ఆయన తాతగారు ఒక మంచి ఆచారం పెట్టి పోయారు. ఏటా మృగశిర కార్తెకు ముందు కోటలో "అడుగు సభ" జరుగుతుంది. ఊరికొక మనిషి వస్తాడు. అతణ్ణి "అడుగరి" అంటారు. ప్రజలు కొలిచిన ధాన్యం ఏమైంది, చేస్తామన్న పని ఏమైంది అని మంత్రులను అడగడమే అతని పని. ఒక అడుగు ముందుకు వేసి ఒక ప్రశ్న అడగాలి. మూడు అడుగులు, మూడు ప్రశ్నలు. అంతే. అడుగరి అడగాలే తప్ప వాదించకూడదు. మంత్రి చెప్పిన జవాబును రాయసం పేరన్న, అంటే ఆస్థానంలో వ్రాతపని చేసే ముసలాయన, తాటాకు మీద రాస్తాడు. ఒకసారి తాటాకు మీదికి ఎక్కిన జవాబును మూడేళ్ళ వరకు ఎవరూ కదపకూడదు.

సుళ్ళేరు ఏటా గువ్వలంకను అంచు నుంచి కొరుక్కు తినేది. నిరుడు పదిహేను గడపలు ఏట్లో కలిశాయి. వాటిలో దాలమ్మ చెల్లెలి గడప ఒకటి. ఆ చెల్లెలు చంటిబిడ్డతో వచ్చి అక్క ఇంట్లోనే ఉంటోంది. ఇప్పుడు ఏటికీ దాలమ్మ వాకిలికీ మధ్య పదకొండు బారలే మిగిలాయి. దాలమ్మ పొద్దున లేస్తూనే తాడు పట్టుకుని కొలిచేది.

కరకట్ట వేయిస్తామని రాజుగారు నిరుడే మాట ఇచ్చారు. దానికి నూరు బళ్ళ ధాన్యం, పన్నెండు పడవల రాయి కేటాయించారు. ఆ రాయిని కొండ దగ్గర నుంచి కోట రేవుకు చేర్చిన పడవల్లో దాలమ్మ పడవ కూడా ఉంది. "ఇక్కడ దించండి. మేము పెద్ద పడవల్లో లంకకు పంపిస్తాం" అన్నారు మంత్రిగారి మనుషులు. చలికాలం పోయింది, ఎండాకాలం పోయింది. లంకకు ఒక్క గులకరాయి రాలేదు.

"ఇన్నేళ్ళూ నెమ్మదైనవాళ్ళను పంపాం. నవ్వుతూ వెళ్ళి నవ్వుతూ వచ్చారు. ఈసారి దాలమ్మను పంపుదాం" అన్నారు ఊరివాళ్ళు.

దాలమ్మ పడవ నిండా ముంజకాయలు వేసుకుని బయలుదేరింది. సభకు వచ్చిన ప్రతి అడుగరీ తన ఊరి రుచి ఒకటి తెచ్చి మధ్యాహ్నం నలుగురికీ పంచడం అక్కడి మర్యాద.

సభ కళకళలాడుతోంది. సింహాసనం కింద కొత్త రాతి వేదిక, దాని మీద ఎర్ర తివాచీ. పక్కన జలమంత్రి సుభాషణుడు. ఆయన నోట్లో బెల్లం ముక్క ఉందేమో అనిపించేలా మాట్లాడతాడు. చెరువులూ, కాలువలూ, కట్టలూ ఆయన చేతిలోవే.

చెప్పులు బయట విడిచి దాలమ్మ మొదటి అడుగు వేసింది.

"మంత్రిగారూ, మా లంకకు కరకట్ట కట్టినారా అండీ?"

సుభాషణుడు చిరునవ్వు నవ్వి చెయ్యెత్తాడు. "కట్టిన..." అన్నాడో లేదో సభంతా చప్పట్లతో మార్మోగింది. అరవై ఊళ్ళ అడుగరులూ అరచేతులు ఎర్రబడేలా కొట్టారు. రాజుగారి ముఖం వికసించింది. రాయసం పేరన్న గంటం కదిపి రాశాడు: "కట్టినారు."

కానీ దాలమ్మకు ఆ హోరులోంచి మాట చివర వినపడింది. ఆయన "కట్టినారు" అనలేదు. "కట్టినట్టే" అన్నాడు!

అవతలి ఒడ్డు నుంచి "రావద్దూ" అని వినపడినట్టయింది. ఒకవేళ తనే పొరపడిందేమో. ఆమె రెండో అడుగు వేసింది.

"కట్టకోసం తెచ్చిన రాయి మా లంకలో దింపినారా అండీ?"

"దింపిన..." మళ్ళీ చప్పట్లు. ఆ చప్పట్ల కింద నలిగిపోతూ సన్నగా "...ట్టే".

పేరన్న రాశాడు: "దింపినారు."

మధ్యాహ్నపు గంట మోగింది. సభ కాసేపు ఆగింది.

దాలమ్మకు ఇప్పుడు అందరి మీదా అనుమానమే. మంత్రి సరే, ఈ పేరన్న సంగతేమిటి? వీడికెంత ముట్టింది? ఆమె నేరుగా అతని దగ్గరకు పోయింది.

"ఏం పేరన్నగారూ, ఆయన ఒకటి అంటే తమరు ఒకటి రాస్తున్నారే?"

ముసలాయన తెల్లబోయాడు. "అయ్యో తల్లీ! నాకు ఆ చప్పట్లలో సగం మాటే వినపడుతుంది. 'కట్టిన' వరకు వింటాను. తక్కిన 'రు' నేనే కలుపుకుంటాను. మా నాన్నా అంతే చేసేవాడు."

అతని కళ్ళలో కల్లాకపటం లేదు. దాలమ్మ తన నోటిదురుసుకు సిగ్గుపడింది. అయితే చప్పట్లు కొట్టేవాళ్ళే దొంగలన్నమాట! పక్కనే నిలబడ్డ మెట్ట ఊరి అడుగరి బసవప్పను గట్టిగా పట్టుకుంది.

"ఏం బసవప్ప బావా, మంత్రిగారి మాటకు అన్ని చప్పట్లు కొట్టావు. నీకేమిచ్చారేం?"

"ఏమిస్తారమ్మా, నా తలకాయ! అందరూ కొడుతున్నారని నేనూ కొడుతున్నాను. చెయ్యి ఊరికే పెట్టుకుంటే బాగుండదు కదా."

"నీ ఊరి కాలువకు తలుపులు పెట్టిస్తామన్నారు కదా. పెట్టారా?"

బసవప్ప తల గోక్కున్నాడు. "పెట్టినట్టే అన్నారు" అన్నాడు. అని, తన మాట తనకే వినపడి, ఆగిపోయాడు.

చూశారా పిల్లలూ! దొంగ ఒక్కడే. తక్కినవాళ్ళందరూ మంచివాళ్ళే. ఒకడు సగం విన్నాడు, ఒకడు ఊరికే చప్పట్లు కొట్టాడు. దొంగకు ఇంతకంటే కావలసిందేముంది?

దాలమ్మ ఆలోచించింది. ఆమెకు ఒక్క అడుగు మిగిలింది. ఒక్క ప్రశ్న. ఆ జవాబు కూడా చప్పట్లలో కొట్టుకుపోతే మూడేళ్ళు నోరెత్తకూడదు. ఏరు మూడేళ్ళు ఆగుతుందా? ఆ పదకొండు బారలూ ఆమె కళ్ళలో మెదిలాయి. చప్పట్లు ఆపమంటే ఆగవు. చేతులు ఖాళీగా ఉంటే అవి ఊరుకోవు.

ఆమె పడవ వైపు పరుగెత్తింది. సభ మళ్ళీ మొదలయ్యే గంట మోగేముందు వచ్చి, అరవై మంది అడుగరులకూ పైభాగం చెక్కిన ముంజకాయలు తలా రెండు పంచింది. ముంజకాయ తినే పద్ధతి మీకు తెలుసు కదా. ఒక చేత్తో కాయ పట్టుకోవాలి. రెండో చేతి బొటనవేలు లోపల పెట్టి తిప్పాలి. నీళ్ళు ఒలకకుండా జుర్రుకోవాలి. ఆ సమయంలో పక్కవాడు పిలిచినా పలకడానికి ఉండదు.

గంట మోగింది. రాజు సింహాసనం ఎక్కాడు. "మీ లంక రుచి బాగున్నట్టుంది, సభ నిశ్శబ్దంగా ఉంది" అని నవ్వాడు.

దాలమ్మ ప్రశ్న సిద్ధంగా ఉంది: మా లంకకు ఈ రోజున కట్ట ఉందా? ఆమె మూడో అడుగు వేసింది. ఆ అడుగు వేదిక అంచు మీద, తివాచీ చాలక కాస్త రాయి బయటపడిన చోట పడింది.

పాదం కింద ఏదో గరుకుగా తగిలింది. గుండ్రంగా, రూపాయి కాసంత. ఆమె బొటనవేలితో గీకింది. సున్నం పొడి రాలింది. కింద లోతుగా బెజ్జం.

ఆ బెజ్జాన్ని ఆమె పాదమే గుర్తుపట్టింది. ఏట్లో వేసే కట్ట రాళ్ళకే అలాంటి బెజ్జాలు తొలుస్తారు. వాటిలోంచి మోకు తాడు దూర్చి, రాయికి రాయిని ముడివేస్తేనే వరదకు కొట్టుకుపోకుండా ఉంటాయి. ఇంటికి వాడే రాయికి ఏ పిచ్చివాడూ బెజ్జం పెట్టడు.

అయితే లంక కట్ట ఇక్కడుంది! రాజుగారి కాళ్ళ కింద!

ఇప్పుడు ఏది అడగాలి? కట్ట గురించి అడిగితే రాళ్ళ సంగతి దాగిపోతుంది. రాళ్ళ గురించి అడిగితే, మంత్రి ఏదో తీయని మాట చెప్పి తప్పించుకుంటే, కట్ట ప్రశ్న పోతుంది. మూడుసార్లు గుంజి చూడడానికి ఇది తాడు కాదు. ఆమె తన పాదాన్ని నమ్మింది.

"మంత్రిగారూ, రాజుగారు కూర్చున్న ఈ వేదిక రాళ్ళకు తాడు బెజ్జాలు ఉన్నాయా, లేవా అండీ?"

సుభాషణుడి చిరునవ్వు ఒక్క క్షణం తడబడింది. కానీ అలవాటు పోతుందా? చెయ్యెత్తాడు. చప్పట్లు వచ్చి తన మాట తోకను కప్పేస్తాయని ధీమా.

"లేన...ట్టే!"

చప్పట్లు రాలేదు. అరవై మంది చేతుల్లోనూ ముంజకాయలు. ఎక్కడో ఒక మూల బసవప్ప జుర్రుకున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆ నిశ్శబ్దంలో "ట్టే" అనే చిన్న ముక్క, ఇన్నేళ్ళుగా ఎవరూ వినని ముక్క, రాతి గోడలకు తగిలి తిరిగి వచ్చింది. పేరన్న గంటం గాలిలో ఆగిపోయింది.

రాజు కనుబొమలు ముడిపడ్డాయి. "లేనట్టే అంటే ఏమిటి సుభాషణా? ఉన్నాయా? లేవా?"

మంత్రి వంగి తివాచీ అంచు సర్దబోయాడు.

రాజు సింహాసనం దిగాడు. పాదరక్షలు విప్పాడు. తివాచీ తానే ఎత్తాడు. ఒక రాయి, ఒక బెజ్జం. ఇంకో రాయి, ఇంకో బెజ్జం. పుట్టి బుద్ధెరిగాక ఆయన పాదానికి రాయి తగలడం అదే మొదటిసారి.

"ఇది నా పుట్టినరోజు కానుక అన్నావు కదయ్యా" అన్నాడు మంత్రితో. తర్వాత దాలమ్మ వైపు తిరిగాడు. "నువ్వు అడగడమే గానీ చెప్పకూడదు. కానీ ఇప్పుడు నేను అడుగుతున్నాను. ఈ రాయి ఎవరిది?"

దాలమ్మ వంగి ఆ రాయి మీద చెయ్యి వేసింది. "మా పిల్లలదండీ మారాజా. ఏటికీ మా ఊయలకీ మధ్యన పెట్టాల్సిన రాయండీ ఇది."

రాజు తల వంచుకున్నాడు.

పేరన్న రాసుకున్న రెండు జవాబులూ మంత్రి అన్న మాటలు కావు గనుక చెల్లవని చెప్పాడు. ఆ సాయంత్రమే వేదిక విప్పారు. రాయి రాయీ పడవలెక్కింది. మంత్రి గాదెల్లో దాగిన ధాన్యం కూలీల పొయ్యిల మీదికి వచ్చింది. రాజు సుభాషణుణ్ణి చెరసాలలో వేయలేదు. గువ్వలంక అంచున ఒక గుడిసె ఇప్పించి, "ఈ వానాకాలం నీ కాపురం అక్కడే. కట్ట కట్టినట్టే ఉంటే నువ్వూ బతికినట్టే" అన్నాడు. ఆ మంత్రి కూలీలకంటే ముందు లేచి మట్టి మోశాడని చెప్పుకుంటారు.

ఆరుద్ర కార్తెలో సుళ్ళేరు పొంగింది. మూడు రోజులు కట్టను గుద్దింది. రాళ్ళు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నిలబడ్డాయి. నాలుగో రోజు నీళ్ళు తీశాయి. దాలమ్మ తాడు పట్టుకుని వాకిలి నుంచి కొలిచింది. పదకొండు బారలు. నమ్మకం కుదరక మళ్ళీ కొలిచింది. పదకొండే. అప్పుడు కూలబడి, చెల్లెలి బిడ్డను ఒళ్ళో వేసుకుని ఏడ్చింది.

ఉదయచంద్రుడు మళ్ళీ రాతి వేదిక కట్టించుకోలేదు. పొరుగు రాజులు వచ్చి, "సింహాసనం మట్టి నేల మీద ఉందేమి?" అని అడిగితే, "నా వేదిక లంకలో పనిమీద ఉంది" అనేవాడు. సభలో మాట పూర్తయ్యే వరకు చప్పట్లు కొట్టకూడదని కట్టడి చేశాడు. పేరన్న అప్పటినుంచి, "మాట తోక చెప్పండి బాబూ" అని అడగనిదే గంటం కదిపేవాడు కాదు. గువ్వలంకలో దాలమ్మను ఇప్పటికీ అనుమానపు పక్షి అనే అంటారు. కాకపోతే ఇప్పుడు ఎదురుగానే అంటారు, ముద్దుగా.

అనుమానం పెనుభూతమంటారు పెద్దలు. నిజమే, కడుపులో దాచుకుంటే అది భూతమే, కానీ నలుగురిలో నిలబడి అడిగితే అదే ఊరికి కరకట్ట.